చేనిగట్టు సిలువ

నేను ఒక రాతి సిలువను. వెయ్యేళ్ళు దాటిన వయసు. సముద్రం అవతలి నుంచి వచ్చిన వర్తకుడొకడు ఇసుకలో వేలితో గీసి చూపిస్తే, కొమ్మన అనే శిల్పి నన్ను చెక్కాడు. అతనికి చేయి తిరిగిన పని తామరపూలు. అందుకే నా పాదాల కింద ఒక తామర విచ్చుకుంది. వర్తకుడు కాసేపు తల గోక్కుని, బాగుందన్నాడు.

తరవాత ఆ వర్తకులు వెళ్ళిపోయారు. ఏటి వరద నన్ను పడగొట్టి ఒండ్రు కప్పింది. మట్టి కింద నాది నిద్రో మెలకువో తెలియని బతుకు. పైన కురిసిన వాన ఎప్పటికో చల్లగా నా దాకా దిగేది. వేళ్ళు వచ్చి నా చేతులు తడిమి, పక్కకు తిరిగి పోయేవి. దుక్కి దున్నేవాళ్ళ అదిలింపులు ఎక్కడో పాడుతున్నట్టు వినిపించేవి.

ఒకనాడు నాగలి కర్రు నాకు తగిలింది. రైతు బసవయ్య విసుక్కున్నాడు. ఆయన భార్య సామ్రాజ్యం మాత్రం నన్ను కడిగించి, గట్టు మీద నిలబెట్టించి, పసుపు రాసి "చేనమ్మ తల్లి" అంది. నాకేం అభ్యంతరం? పేరు పెట్టుకోనిదే మనుషులు దేనికీ మొక్కలేరు. ఆ చేలో మిరపకాయలు కోసే సువార్త, పసుపు కింద సిలువను పోల్చుకుంది. మధ్యాహ్నం అన్నం గిన్నె విప్పే ముందు నా వైపు తిరిగి కళ్ళు మూసుకునేది.

ఒక వానాకాలం సువార్త ప్రసవించింది. పుట్టిన ఆడపిల్ల ఏడవలేదు, కళ్ళూ తెరవలేదు. వాళ్ళ సమాధుల దొడ్డి వాగు నీటిలో మునిగి ఉంది. ఆమె భర్త ఏసుపాదం ముసురులో తడుస్తూ, చీరముక్కలో చుట్టిన బిడ్డను తెచ్చి నా పక్కన పూడ్చాడు. ఆ కాస్త గొయ్యి తవ్వడానికి అతనికి చాలాసేపు పట్టింది.

వానలు వెలిశాక సువార్త వచ్చి ఆ మట్టి దగ్గర కూర్చుంది. పసుపు గిన్నెతో వచ్చిన సామ్రాజ్యం ఆగిపోయింది.

"ఇదేంటే సువార్తా? ఇక్కడ ఎవరు తవ్వారు?"

"నా బిడ్డమ్మా. మా దొడ్డి మునిగిపోయింది. మిమ్మల్ని అడిగితే కాదంటారని అడగలా. ఇప్పుడు తియ్యమంటే ఎక్కడికి తీసకపోవాలో తెలవదు."

సామ్రాజ్యం ఆ మట్టి వైపు వంగి చూసింది.

"పచ్చి బాలింతరాలివి, తడి నేల మీద కూర్చుంటారటే?" అంది. "పేరు పెట్టావా?"

"ఏడవను కూడా ఏడవలేదు గదమ్మా. ఏం పేరు పెడతాను?"

అంతలో బసవయ్య ట్రాక్టరు తోలుకుంటూ వచ్చాడు. గట్టు తీసేసి రెండు చేని చెక్కలూ కలిపేయాలని ఎప్పటి నుంచో ఆయన ఆలోచన.

"తప్పుకోండి! గట్టు తీసెయ్యాలి."

సామ్రాజ్యం ట్రాక్టరుకు ఎదురుగా నిలబడింది. "తియ్యటానికి లేదు."

"ఎందుకు లేదూ?"

"ఇక్కడ పసిబిడ్డ పడుకునుంది. వెనక్కి తిప్పండి."

బసవయ్య మట్టి వైపు చూశాడు, సువార్త వైపు చూశాడు. గేరు మార్చి ట్రాక్టరు వెనక్కి తిప్పుకున్నాడు.

ఆ చప్పుడు దూరమయ్యాక, అన్నాళ్ళూ కన్నీటి చుక్క రాల్చని సువార్త నన్ను పట్టుకుని గొల్లుమంది. రోడ్డు మీద పోతున్న కూలీల ఆటో నెమ్మదించింది. లోపలివాళ్ళు తొంగిచూస్తున్నారు. సామ్రాజ్యం గిన్నె కింద పెట్టి, కొంగు విప్పి, రెండు చేతులూ బార్లా చాపి వాళ్ళకు అడ్డంగా నిలబడింది.

"ఏడువమ్మా," అంది వెనక్కి తిరిగి చూడకుండా. "ఎవరికీ కనపడవులే."