తాకత్ గోలీలు

కొడుకు మంగేశ్ పొద్దున్నే టవళ్లు నేసే మగ్గానికి పోగానే, కుంఠా నాకా వెనక గల్లీలోని ఒక ఇంట్లో అత్తాకోడళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చునేవాళ్లు. అత్త చంద్రభాగ ఎర్రదారం కట్టేది, కోడలు ఋతుజ పచ్చదారం, ఎవరు చుట్టినవో తెలిసేలా. ఆ గల్లీ బీడీలకు మొదటినుంచీ ఒక గుణం ఉంది. చుట్టినవాళ్ల ఒంట్లో ఏముంటే తాగేవాడి నాలుకకు అదే తగిలేది. జ్వరమొస్తే బీడీ చేదెక్కేది, ఇంట్లో పెండ్లి కుదిరితే తీపి తిరిగేది. బీడీ కార్ఖానావాళ్లు జ్వరం రోజుల సరుకును వేరే బుట్టలో వేసుకునేవాళ్లు, అంతే.

చలికాలంలో చంద్రభాగకు నడుం నొప్పి పట్టుకుంది. పక్కింటి రూపాలి చెప్పిందని మెడికల్ దుకాణంలో ఒక సీసా విటమిన్ గోలీలు కొన్నది. హోట్గి రోడ్డు నుంచి స్కూటీ మీద వచ్చి ఇంటింటికీ గోలీలు అమ్మే అమ్మాయి ఇంకో సీసా అంటగట్టింది. రెండూ తాకత్ కోసమే, ఒంటి బలానికే కదా అని రెండింట్లోంచీ మింగేది. నెల తిరిగేసరికి తలనొప్పి, పెదాల పగుళ్లు, దువ్వెన నిండా వెంట్రుకలు. నీరసం ఇంకా పోలేదనుకుని గోలీలు పెంచింది. ఋతుజ మొహం వాడిపోయిందని, వారం నుంచి ఆమెకూ దగ్గరుండి మింగిస్తోంది.

"వద్దత్తమ్మా, వాంతికొస్తుంది."

"కడుపుల ఏం లేక గట్లయితది బిడ్డా. జొన్న భాకరి తిని ఏసుకో."

అత్త ప్రేమకు అడ్డం చెప్పలేక ఋతుజ మింగేది.

ఒక సాయంత్రం మల్లప్ప వచ్చాడు. నలభై ఏళ్లు కంపౌండర్‌గా చేసి దిగిపోయిన మనిషి. ఆ ఇంటి బీడీలు తప్ప ఇంకోటి ముట్టడు.

"చంద్రక్కా, ఏం తింటున్నవ్? కొన్ని రోజుల సంది నీ బీడీ తుప్పుపట్టిన మేకు నాకినట్టుంది."

"ఏం తింట అన్నా! తాకత్ గోలీలు ఏసుకుంటున్న, గంతే."

మల్లప్ప సీసాలు తెప్పించుకుని, కళ్లద్దాలు పెట్టుకుని వెనక రాసింది చదివాడు. "రెండింట్ల ఎ విటమిన్ ఉంది, రెండింట్ల ఇనుముంది. రోజుకొకటే అని రాసిండ్రు. నువ్వెన్ని మింగుతున్నవ్?"

"ఐదు." నిన్నటి నుంచి ఆరు అయ్యాయని చంద్రభాగ చెప్పలేదు.

"నీ తలనొప్పి, జుట్టు రాలుడు గిందుకే కావచ్చు. తాకత్‌దైనా గోలీ గోలీనే అక్కా. ఎక్కువైతే ఒంట్లనే పేరుకుంటది."

తర్వాత జేబులోంచి సగం కాలిన పచ్చదారం బీడీ తీసి చూపించాడు. "దీంట్ల కూడ అదే తుప్పు. కానీ అడుగున లేత కొబ్బరినీళ్ల లెక్క ఇంకో రుచున్నది. ఇది ఒక్క ప్రాణం రుచి కాదు."

ఋతుజ చేతులు ఆగిపోయాయి. ఇంతకుముందు రెండుసార్లు నెల తప్పగానే గల్లీ అంతా కోవా పేడాలు పంచారు. రెండుసార్లూ నిలవలేదు. ఈసారి మూడో నెల దాటేదాకా మంగేశ్‌కు కూడా చెప్పొద్దనుకుంది.

"రెండో నెల," అంది, తల ఎత్తకుండా.

"నా చేతులతోనే ఏసిన కదనే బిడ్డా!" చంద్రభాగ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఏడ్వకు," అన్నాడు మల్లప్ప. "ఎ విటమిన్ ఎక్కువైతే కడుపులున్న పిల్లకు మంచిది కాదు. వారమే అయింది గద. బంద్ చేసి, రేపే డాక్టరమ్మ దగ్గరికి పోండ్రి. సీసాలు కూడ చూపియ్యుండ్రి."

డాక్టరమ్మ సీసాలు చూసి పక్కన పెట్టేసింది. స్కానింగ్‌లో చిన్న గుండె కొట్టుకోవడం అత్తాకోడళ్లిద్దరికీ చూపించింది. కడుపుతో ఉన్నవాళ్లకిచ్చే గోలీలు రాసిచ్చి, బీడీల్లో వేసే తంబాకు ముట్టొద్దంది.

ఆ రోజు నుంచి రెండు చాటల పనీ చంద్రభాగే చేసింది. కోడలు ఎందుకు చుట్టట్లేదని రూపాలి అడిగితే, చేయి బెణికిందని మొహం మీదే అబద్ధమాడింది. "నువ్వు ముందు నీ సీసా వెనక ఏం రాసిండ్రో మల్లప్పన్నతోని చదివించుకో," అని మాట మార్చింది. మూడో నెల దాటినా, అయిదో నెల వచ్చినా, కడుపు కనిపించేదాకా ఆ ఇంట్లోంచి ఒక్క పేడా బయటికి రాలేదు.

శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చిన రోజు గల్లీలో మగ్గాలన్నీ చెవులు హోరెత్తేలా నడుస్తూనే ఉన్నాయి. అయినా పిల్ల ఏడుపు చివరింటిదాకా వినిపించింది.