కిరీటం కింది మనిషి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, అందుకే నాకు ఊరూ లేకుండా పోయింది. మణవాళనగర్‌లో ఒంటిగది, ఒక స్టవ్వు, ఒక చాప. ముప్పై ఏళ్లు తిరుత్తణి చుట్టుపక్కల ఊళ్లలో వీధికూత్తు, అంటే అక్కడి వీధినాటకం, ఆడినవాణ్ణి. కట్టియక్కారన్ వేషం నాది. తెర ముందు నిలబడి, తెర వెనక ఉన్న రాజును "ఎవరయ్యా నువ్వు?" అని కేకేసి రప్పించడం, వచ్చాక ఆటపట్టించి జనాన్ని నవ్వించడం నా పని. ఇప్పుడు రోజంతటిలో నేను నాలుగు మాటలాడేది పాలప్యాకెట్లు అమ్మేవాడితోనే. వాడు చెవిలో ఏదో పెట్టుకుని ఉంటాడు.

మేడమీద అద్దెకుండే వైష్ణవి వీడియో గేములు తయారుచేస్తుంది. ఒకరోజు మెట్లమీద తల పట్టుకుని కూర్చుంది.

"మామా, నా గేములో రాజు వేషం, ఆ గేము ఆడేవాడిదే. వాడు చూసేవాడా, నటించేవాడా? నాకే తెలీలే. వాణ్ణి ఎట్ల పలకరించల్ల?"

"రెండూ కాదమ్మే. వాడు తెర వెనక ఉండేవాడు. కిరీటం పెట్టుకున్నాడు, ఇంకా అడుగు బయట పెట్టలే. వాణ్ణి రప్పించేదానికే కదా నేనుండేది!"

ఆ మాట పట్టుకుని ఆ పిల్ల నన్ను వదల్లేదు. గేములో కట్టియక్కారన్ కోసం మూడు నెలలు నా గొంతు రికార్డు చేసింది. ఆడేవాడు దారి తప్పితే ఏమంటావు, కత్తి పారేసుకుంటే ఏమంటావు, అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. ఎదురుగా నవ్వే జనం లేరు. దుప్పట్లు వేలాడదీసిన గోడ, ఒక మైకు. ఎంత మంచి చతురు విసిరినా గోడ కిక్కురుమనలేదు. ఏడుపొచ్చింది.

"వాణ్ణి ఎంతైనా ఎగతాళి చెయ్యొచ్చా మామా?"

"రాజును ఎంతైనా చెయ్. కిరీటం కింది మనిషి జోలికి మాత్రం పోవద్దు. అది మా కూత్తులో కట్టుబాటు."

చెప్పానే గానీ, ఆ కట్టు తప్పినవాణ్ణి నేనే.

పదకొండేళ్ల కిందట, పాండూరులో కూత్తు. రాజు వేషం సుందరరాజులన్నది. ఇద్దరం ఒకే అద్దంలో చూసుకుని రంగు పూసుకునేవాళ్లం. ఆ వారమే ఆయన కూతురు సుమతి ఎవరినో పెళ్లి చేసుకుని ఇల్లు విడిచి వెళ్లింది. ఆటలో రాజు మామూలుగానే "నా రాజ్యమంతా క్షేమమేనా?" అని అడిగాడు. నా నోరు ఊరుకుంటేనా!

"రాజ్యం క్షేమమే రాజా. నీ ఇంట్లో కూతురే కనపడలే!"

జనం విరగబడి నవ్వారు. సుందరరాజులన్న కిరీటం తీసి చేత్తో పట్టుకుని తెర వెనక్కి వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఆ తర్వాత మా కూత్తు మేళమూ చెదిరిపోయింది.

రికార్డింగు చివరిరోజు వైష్ణవి అడిగింది. "ఆడేవాడు ఏమీ నొక్కకుండా ఊరికే కూర్చుంటే?"

"మాట్లాడతానే ఉండల్ల. రాజు బయటికి వచ్చేదాకా కట్టియక్కారన్ తెర ముందు నుంచి కదలకూడదు."

మైకు ముందుకు వెళ్లాను. అనుకోకుండా నోట్లోంచి వచ్చేసింది. "రాజా, తప్పయిపోయింది. నవ్వు కోసం అనరాని మాట అంటిని. బయటికి రా రాజా." ఆ పిల్ల దాన్నే గేములో ఉంచేసుకుంది.

గేమును ముందుగా ఆడి చూడ్డానికి పాత కూత్తు వాళ్ల నంబర్లు కావాలంది. వాళ్లనీ వీళ్లనీ బతిమాలి సుమతి నంబరు సంపాదించి, అదీ రాసిచ్చాను. సుందరరాజులన్న ఇప్పుడు అత్తిమంజేరిపేటలో ఆ కూతురి దగ్గరే ఉంటున్నాడు.

రెండు వారాల తర్వాత వైష్ణవి కిందికి దిగివచ్చింది. "మామా, ఊరికే కూర్చుంటే వచ్చే ఆ మాట తీసేస్తా. అంతసేపు ఎవురూ కాచుకోలే. గేము పంపే లెక్కల్లో చూస్తే, ఒక్క ఫోన్‌లో మాత్రం పంతొమ్మిది సార్లు విన్నారు. విని, ఒక్కసారి కూడా బటన్ నొక్కలే."

"యాడ?"

"అత్తిమంజేరిపేట."

మర్నాడు పొద్దున్నే తిరుత్తణి వెళ్లి బస్సు మారాను. దారంతా తిట్టుకుంటూనే ఉన్నాను. పంతొమ్మిది సార్లు విన్నావు, ఒక వేలు కదపలేవా? మొండిఘటం!

సుమతి ఇంటి వాకిలికి పాత చీర తెరగా కట్టి ఉంది. లోపల ఫోన్‌లో నా గొంతే వినిపిస్తోంది. "రాజా, తప్పయిపోయింది..."

బయట నిలబడి నా మాట నేనే విన్నాను. అప్పుడుగానీ బుర్రకెక్కలేదు. నేను క్షమించమన్నది రాజును. రాజును నేనేమన్నాను గనక! నేను నవ్వులపాలు చేసింది కిరీటం కింది మనిషిని. ఇన్నేళ్లకు నోరు తెరిచి కూడా వేషం చాటునే దాక్కున్నాను, వెధవను.

తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాను. 

"సుందరరాజులన్నా" అన్నాను చివరికి. "నేను, రాజమాణిక్యాన్ని. సుమతిని ఆ మాట అని ఉండకూడదు. నేను చేసింది తప్పన్నా."

లోపల ఫోన్ ఆగిపోయింది. మంచం కిర్రుమంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు, చీర కదల్లేదు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. నేను తెర ముందు నుంచి కదల్లేదు.