వారిక్‌బర్గ్ మెయిన్ వీధి

అమెరికాలో వాబాష్ నది మలుపులో జూబల్ టాకెట్ బల్లకట్టు నడిపేవాడు. ఒడ్డున దుంగలతో కట్టుకున్న ఇల్లు, చుట్టూ మొక్కజొన్న చేను. ఆ చేను అంతకుముందు మయామీ అనే ఆదివాసీ తెగవాళ్లది. సైనికులు వాళ్లను తరిమేశాక, సాగులో ఉన్న నేల ఊరికే దొరికిందని జూబల్ సంబరపడ్డాడు. అతని భార్య డ్రుసిల్లా మాత్రం నాగలికి వాళ్ల కుండ పెంకులు తగిలినప్పుడల్లా ముఖం తిప్పుకునేది.

ఒక చలికాలం ఎలైహు వారిక్ అనే వ్యాపారి జ్వరంతో వచ్చి వాళ్ల గుమ్మంలో పడ్డాడు. డ్రుసిల్లా తన పడక అతనికిచ్చి, జావ కాచి పోసింది. "నీ మేలు మర్చిపోను తల్లీ" అన్నాడతను. కోలుకుంటున్నన్నాళ్లూ కిటికీలోంచి రేవుకేసే చూస్తూ గడిపాడు.

మంచు కరగ్గానే వెళ్లి, ఆ రేవునూ చేనునూ ప్రభుత్వం దగ్గర కొనేశాడు. అక్కడ ఊరు కట్టేందుకు నేల కొలిచేవాళ్లనూ కూలీలనూ వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు.

"ఇది మా ఇల్లయ్యా" అంది డ్రుసిల్లా.

"మీరెవరి దగ్గర కొన్నారు?"

ఆమె చేనుకేసి చూసింది.

"పటంలో మీ ఇల్లు సరిగ్గా మెయిన్ వీధి మధ్యలో పడింది. నన్నేం చెయ్యమంటావు చెప్పు?" అన్నాడు వారిక్, నిజంగానే నొచ్చుకున్నవాడిలా.

జూబల్ కొలతకు పాతిన కర్రలన్నీ పీకి నదిలో విసిరాడు. కూలీలు అతన్ని కిందపడేసి గొడ్డలి కామతో మోకాళ్లు విరగ్గొట్టారు. వారిక్ అటు తిరిగి పటం చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఆ బల్లకట్టన్నా తగలబెట్టవే. వాడికి దక్కనివ్వకు" అన్నాడు జూబల్ మంచంలోంచి. ఆమె తగలబెట్టలేదు. ఆ వేసవిలో అతను పోయాడు. ఆకలికి తాళలేక ఆమె ఆ కూలీలకే వంట చేసిపెట్టింది.

రంపపు మిల్లు వచ్చింది. పందిమాంసం ఉప్పులో ఊరవేసే కొట్లు, కోర్టు, ఆపైన రైలు వచ్చాయి. వారిక్‌బర్గ్ నగరమైంది. డ్రుసిల్లా హోటలు దుప్పట్లు ఉతుకుతూ ముసలిదైపోయింది.

ఒక ఉదయం తడిబట్టల గంపతో ఆమె మెయిన్ వీధి చెక్క కాలిబాట మీద వెళ్తుంటే వారిక్ ఎదురొచ్చాడు. గంపలోంచి నీళ్లు అతని బూట్ల మీద కారాయి.

"ఊరికి కొత్తా, ముసలమ్మా? గంపలతో కాలిబాట ఎక్కకూడదని ఎవరూ చెప్పలేదా?"

"కొత్తేనయ్యా. ఇంకా అలవాటు కాలేదు."

వారిక్ వెంట ఉన్న పోలీసు నవ్వి, ఆమెను భుజంతో పక్కకు నెట్టాడు. గంపతో సహా బురదలో పడింది. దుప్పట్లన్నీ మళ్లీ ఉతకాలి. వారిక్ వీధి మలుపు తిరిగేదాకా ఆమె తల ఎత్తకుండా వాటిని ఏరుకుంటూనే ఉంది.