డిస్కు నిండిన శనివారం

ఉమారాణి ముందు బ్యాకప్‌లు చూసి, ఆ తర్వాతే కాఫీ తాగుతుంది. హిందూపురంలో మేడమీద అద్దె గది, కిటికీ కింద బల్ల, దాని మీద ల్యాప్‌టాప్. నలభై దాటిన సన్నటి మనిషి. బల్ల అంచుకు ఆనీ ఆనీ మోచేతులు నల్లబడ్డాయి. జడ వేసుకునే ఓపిక లేక జుట్టు ముడిచి పెన్ను గుచ్చుకుంటుంది.

చుట్టుపక్కల ఊళ్లలోని డయాలసిస్ సెంటర్లకు ఒకటే డేటాబేస్. అది క్లౌడ్‌లో, అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలో ఉంటుంది. దాన్ని కాచుకోవడం ఆమె ఉద్యోగం.

"నీది ఏం పనమ్మా?" అని కింది వాటా అక్కమ్మ ఒకసారి అడిగింది.

"ఏమీ కాకుండా చూసుకునేదేక్కా."

అక్కమ్మకు అర్థం కాలేదు. వీధిలో అందరికీ 'టైపు కొట్టే పాప' అని చెప్పుకుంది. ఉమారాణి దిద్దలేదు. ఏమీ కాని రోజున ఆమె సంగతి ఎవరికీ గుర్తుండదు. అలాంటి రోజులే ఆమె బతుకంతా.

ఈ రోజు కాఫీ చల్లారిపోయింది. తెర మీద ఎర్రటి అక్షరాలు. డిస్కు నిండింది, డేటాబేస్ ఆగిపోయింది.

చోటు తగ్గుతోందన్న హెచ్చరిక నిన్న సాయంత్రమే వచ్చింది. మేనమామ ఇంట్లో నామకరణం, పంక్తిలో కూర్చుని ఉంది. ఫోను చూసి, పొద్దున చూద్దాంలే అనుకుని విస్తరి పక్కన బోర్లించింది. ఇప్పుడు ఆ విస్తరి, దాని మీద సగం తిన్న ఓళిగ కళ్లముందు కదిలాయి.

డిస్కు పెంచమని ఆదేశం ఇచ్చింది. 'మార్పు జరుగుతోంది' అని వచ్చి అక్కడే నిలిచిపోయింది. ఇక చేసేదేమీ లేదు, కాచుకోవాలి. బెంగళూరు నుంచి మేనేజరు రమేష్ మెసేజీ పెట్టాడు. ఎంతసేపు? జవాబు రాసేలోపే మళ్లీ. ఎంతసేపు?

ఫోను మోగింది. పెనుకొండ సెంటరులో టెక్నీషియన్ కుళ్ళాయమ్మ.

"మేడం, స్క్రీను తెరుచుకోలేదు. ఫస్టు బస్సుకు వచ్చినోళ్లంతా ఈడ కూర్చోనుండారు. ఎవురికి ఎంత నీళ్లు తీయాలో యాడ చూసేది?"

నీరు తీశాక మనిషి ఎంత బరువు ఉండాలో డాక్టరు రాసిన అంకె కావాలి. అది తెలియకుండా మిషన్ పెట్టరు. ఎక్కువ తీస్తే మనిషి పడిపోతాడు, తక్కువ తీస్తే ఊపిరాడదు.

డేటాబేస్‌కు ఒక నకలు విడిగా నడుస్తుంటుంది. ఉమారాణి దాన్ని తెరిచింది. అది బతికే ఉంది.

"నేను చదువుతా. ఒక్కోటీ నువ్వు తిరిగి నాకు చెప్పు."

"చెప్పండి, రాసుకుంటాండా."

పేరు, ఊరు, బరువు. కుళ్ళాయమ్మ తిరిగి అప్పజెప్పింది. ఉమారాణి వేలు తెరకు ఆనించి వరస తప్పకుండా చదివింది. గొంతు ఆరిపోతోంది, నీళ్లచెంబు గదికి అవతల మూలన ఉంది. లేవలేదు.

"సుబ్బరాయుడు, మడకశిర."

"తాత ఇంకా రాలేదు. తర్వాతోళ్లది చెప్పండి."

చదవడం అయ్యేసరికి డిస్కు పెరిగింది. డేటాబేస్ లేచింది. కానీ నింపేది ఇంకా నింపుతూనే ఉంది. రిపోర్టులు తయారుచేసే కంపెనీ ఒకటి ఈ వివరాలు చదువుకుంటూ ఉండేది, ఎప్పుడో మానేసింది. అది మళ్లీ వస్తుందని, జరిగిన ప్రతి మార్పునూ రాసుకున్న లాగ్‌లన్నీ డేటాబేస్ దాచిపెడుతూ పోయింది. ఆ లంకె తెంచేయాలి. దాని పక్కనే నకలుకు పోయే లంకె. రెండింటి పేర్లకూ చివర్లో ఒక్క అక్షరమే తేడా. పొరపాటున రెండోది తెగితే, ఇందాక ఆదుకున్న నకలే పోతుంది.

కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. పేరు పైకి చదివింది. మళ్లీ చదివింది. అప్పుడు నొక్కింది.

లాగ్‌లు కరగడం మొదలయ్యాయి. నకలు నడుస్తూనే ఉంది. రమేష్ బొటనవేలి బొమ్మ పంపాడు. అప్పుడు లేచి, చెంబెత్తి గటగటా తాగింది. సగం నీళ్లు రవికె మీద పడ్డాయి.

మధ్యాహ్నం కుళ్ళాయమ్మ మళ్లీ ఫోను చేసింది.

"సుబ్బరాయుడు తాత పేరు తీసేయాల మేడం. మాకు తీసేదానికి కాదు. తాత పోయినాడు."

ఉమారాణి కుర్చీ చెయ్యి పట్టుకుంది. నిన్న విస్తరి పక్కన బోర్లించిన ఫోను కళ్లముందు మెదిలింది.

"ఎప్పుడు? మిషన్ లేటయిందనా?"

"లేదు లేదు. ఇంట్లోనే, నిద్దర్లోనే. తెల్లార్తో బస్సుకు లేపబోతే లేయలేదంట."

తెల్లారుజామున. డేటాబేస్ ఆగింది ఆ తర్వాత.

గుండెల నిండా ఊపిరి తీసి వదిలింది. హాయిగా, పెద్దగా. ఆ చప్పుడు తన చెవికే వినబడింది. ఒక మనిషి పోయాడని వింటూ తను వదిలిన ఊపిరి అది. మొహం వేడెక్కింది.

"మేడం, ఉండారా?"

"ఉండా."

డేటాబేస్‌లో ఎవరి పేరూ తీసేయరు, పక్కనున్న స్థితి మాత్రం మారుస్తారు. మార్చింది. ఆ మంచం కోసం కాచుకున్న రొళ్ల ఊరి నీలావతి పేరు వెంటనే పైకి జరిగింది.

శనివారం సాయంత్రాలు ఉమారాణి ధర్మవరం పోతుంది. అక్కడ నాయన మగ్గం ముందు కూర్చుని చీర చూపిస్తాడు, ఆమె బాగుందంటుంది. ఈసారి రైలు పెనుకొండలో ఆగినప్పుడు దిగిపోయింది. ఎందుకు దిగిందో ఆమెకే తెలియలేదు. ఇన్నేళ్లలో ఏ సెంటరూ చూసింది లేదు.

తలుపు దగ్గర లావుపాటి ఆవిడ మిషన్ గొట్టాలు కడుగుతోంది.

"ఎవురు కావాలమ్మా?"

"నేనే, కుళ్ళాయమ్మా."

గొంతు విని ఆవిడ తడిచేతులతోనే ఎదురొచ్చింది. "అయ్యో మేడం! ఇంత సన్నగుంటారనుకోలేదు."

ఉమారాణి నవ్వబోయి, ఆగింది. "తాతది ఏ మంచం?"

కుళ్ళాయమ్మ కిటికీ వైపు చూపించింది. "మిషన్ పెడితే చలి ఆయప్పకు. గొంగడి ప్రతిసారీ మోసుకొచ్చేదెందుకని ఈడనే పెట్టిపోయేటోడు. ఇంటోళ్లు ఎవురన్నా వస్తే ఇయ్యాల."

కొత్త దుప్పటి పరిచిన మంచం మీద, కాళ్లవైపు, నల్లగొంగడి ఒకటి నాలుగు మడతలుగా ఉంది, అంచున ఊలు కాస్త ఊడి వేలాడుతూ.