మధ్య కొంగ కాలు

"ముట్టుకోకండి సార్!" పొద్దుటినుంచి అలా అనడం అది పన్నెండోసారి. ఇవాళ కాపలాదారు గొంతులో మునుపటి జోరు లేదు. చూపంతా గేటు మీదే ఉంది.

ముప్పై అంతస్తుల రెండు ఆఫీసు భవనాల మధ్య, రాతిపలకలు పరిచిన ఆవరణలో మూడు ఉక్కు కొంగలు ఎగరబోతున్నట్టు ఉంటాయి. వాటిని ఎవరూ తాకకుండా చూడటం పదకొండేళ్లుగా అతని ఉద్యోగం. నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగాయి. యూనిఫాం భుజాల దగ్గర వెలిసింది.

మధ్య కొంగ ఒంటికాలి మీద ఉంటుంది. బరువంతా మోసే ఆ కాలిని అతికించింది కార్ఖానాలో వెల్డింగు పని చేసిన అతని అన్నయ్య. దాన్ని ఇక్కడ నిలబెట్టాక మాత్రం చూడలేదు. "ఒకసారి తీసుకెళ్లరా" అన్నప్పుడల్లా ఇతను "వచ్చే వారం" అనేవాడు. టై కట్టుకున్నవాళ్ల మధ్య మసి చేతులతో అన్నయ్య నిలబడటం తనకు నామోషీ. ఆ మాట పైకి ఎప్పుడూ అనలేదు, అంతే.

ఇప్పుడు అన్నయ్య ఊపిరితిత్తులు పాడయ్యాయి. మొన్న ఇతనే నోరు విప్పాడు. "ఎల్లుండి పదకొండింటికి రా అన్నయ్యా. నేనుంటాగా. కావలసినంతసేపు పట్టుకుని చూడు."

పదకొండు దాటింది. గేటు దాకా వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు.

ఒక ఉద్యోగిని మధ్య కొంగ కాలికి ఆనుకుని ఫోన్ చూసుకుంటోంది. అలవాటుగా నోరు తెరిచాడు గానీ వేరే మాట వచ్చింది.

"ఆ కాలు మా అన్నయ్య అతికించిందమ్మా."

ఆమె వంగి వేలితో తడిమింది. "అతుకే కనబడట్లేదే! ఇక్కడ ఆయన పేరుందా?"

"లేదమ్మా. బొమ్మ చేసినాయన పేరే ఉంది. అన్నయ్య దారిలో ఉన్నాడు, వచ్చేస్తాడు."

పన్నెండున్నరకి వదిన ఫోన్ చేసింది. ఆమె గొంతు మరీ నెమ్మదిగా ఉంది.

"మీ అన్నయ్య తయారై కుర్చీలో కూర్చున్నారు బాబూ. కారొచ్చిందని చెబుదామని వెళ్తే... పలకలేదు. నువ్వు రా."

అతను కొంగ కాలి మీద అరచెయ్యి ఆనించాడు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. ఎండకి ఉక్కు కాలిపోతోంది. అతుకు కోసం పైకీ కిందకీ వెతికాడు. దొరకలేదు. ఎవరితోనూ చెప్పకుండా గేటు దాటేశాడు.

ఇంటికి చేరేసరికి అన్నయ్యని మంచం మీద పడుకోబెట్టారు. కుడికాలికి నల్లటి బూటు ఉంది.

"నిన్ననే కొనిపించారు. చెప్పులతో వస్తే తమ్ముడికి అక్కడ తలవంపులన్నారు," అంది వదిన.

అతను కుర్చీ వైపు చూశాడు.

కుర్చీ పక్కన ఎడమకాలి బూటు, లేసు పూర్తిగా వదులు చేసి, గుమ్మం వైపు తిరిగి ఉంది.