వారానికొక రోజు

బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పన్నెండో పైజమా కాలు మిషను సూది కిందికి తోసేసరికి కడుపులో బిడ్డ మళ్ళీ తన్నింది. ఆమె తొక్కడం ఆపి పొట్టమీద చెయ్యి వేసుకుంది. ఎనిమిదో నెల. తన్నే ఆ పాదాలు రెండూ లోపలికి తిరిగి ఉన్నాయని అయిదో నెల స్కానింగులోనే తేలింది.

"పుట్టిన వారానికే మొదలుపెడదాం. వారం వారం కొత్త పిండికట్టు వేస్తూ కొంచెం కొంచెం తిప్పుకొస్తాం. ఆ తర్వాత బూట్లు. పరిగెత్తుతుందమ్మా" అంది డాక్టరమ్మ. వారాలు తప్పితే మాత్రం పాదం మళ్ళీ వెనక్కి పోతుందంది. ఆ చివరి మాటే ఆమె చెవిలో తిష్ఠ వేసింది.

అత్తగారికి ఇదేమీ ఎక్కలేదు. "మిషను తొక్కి తొక్కి బిడ్డ కాళ్ళు వంకర చేశావు" అని ఈ పొద్దున కూడా సాధించింది.

"తొక్కింది నా కాళ్ళతో అత్తయ్యా, దాని కాళ్ళతో కాదుగా!" అనేసి వచ్చింది.

భోజనాల వేళ సంచిలోంచి పుట్టబోయే బిడ్డకని కుట్టిన ఆరు చిన్న పైజమాలు తీసి కుట్లు విప్పసాగింది. కట్టుమీద తొడగడానికి పక్కలు తెరిచి బొత్తాలు పెట్టి మరీ కుట్టింది. కాని కొలతకు వాడింది ఇక్కడ గుడ్డ కత్తిరించడానికి పెట్టే నమూనా అట్టే. అందులో పసిబిడ్డల కాళ్ళన్నీ తిన్నగానే ఉంటాయి. నిన్న ఆస్పత్రిలో ఇంకో బిడ్డకి వేసింది చూస్తే కట్టు తొడదాకా ఉంది, మోకాలు మడిచి ఉంది. నెల రోజుల శ్రమ గంగలో కలిసింది.

బొత్తాలు కుట్టే అక్క తొంగి చూసింది. "కొత్త మోడలా? మేస్త్రికి చూపించకు, తన పేరు పెట్టేసుకుంటాడు." నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగింది. "మోకాలి దగ్గర ఇంకో ముక్క వెయ్యి. వంగుతుంది."

సాయంత్రం, వాళ్ళ వరస పని చూసే మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. "కాన్పయిన నెలకి వచ్చేస్తానండీ. బిడ్డ కట్టు మార్పించడానికి వారానికొక్క రోజు మాత్రం వదలాలి. రెండు నెలలే."

"నీ మిషను ఆగితే వెనక తొమ్మిది ఆగుతాయి. మీ అత్తగారు తీసుకెళ్ళదా?"

"బిడ్డ ఏడ్చిందని కట్టు మధ్యలోనే విప్పించేస్తుందండీ."

మేస్త్రి కలం మూత కొరికాడు. కోపంగా కూడా అనలేదు. "అయితే బిడ్డ నడిచాకే రా అమ్మా."

ఇక్కడ తొమ్మిదేళ్ళు. ఒక్క రోజు కూడా ఆలస్యంగా రాలేదు.

"సరేనండీ. నడిచాకే వస్తాను."

వెనక్కి వచ్చి ఆ రోజు పనిలో మిగిలిన నాలుగు పైజమా కాళ్ళూ కుట్టింది. దారం తెంపి, మిషను తుడిచి, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగిపోయింది.

స్టూలుమీద, నడుంనొప్పికని పనికిరాని పేలికలు కూరి ఆమె కుట్టుకున్న మెత్త ఉండిపోయింది. మధ్యలో పడిన గుంట ఇంకా పైకి లేవలేదు.