పిట్టకు పెట్టిన సీసా

మా అన్న రాజనర్సు కల్లు కూడా ముట్టలేదు. తాగి తాగి చచ్చిపోయాడని నలుగురికీ చెప్పింది నేనే.

అన్నకూ నాకూ సిరిసిల్లలో సాంచాల మీద పని. మరమగ్గాలను మేము సాంచాలంటాం. ఇద్దరం అక్కడ ఒకే గదిలో ఉండేవాళ్లం. అమ్మ పోశవ్వ, చెల్లె సుస్మిత పెగడపల్లిలో ఉండేవారు. పన్నెండేళ్ల కింద అన్న దుబాయ్ పోదామని మెడికల్‌కు వెళ్తే అన్‌ఫిట్ అన్నారు. కాగితం మీద హెపటైటిస్ బి అని రాసి ఉంది. ఏజెంటు దాన్ని చివరిదాకా చదవనే లేదు. అది దుబాయ్‌కే అడ్డమని, ఇక్కడ పని చేసుకోవడానికి ఏమీ కాదని తేల్చేశాడు. ఆ మాటే మాకు డాక్టరు మాటైంది. అన్‌ఫిట్ అని తెలిసి ఖాయమైన సంబంధం తప్పిపోయింది. అన్న మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. ఆ కాగితాన్ని మడిచి, ఒక్క ముద్ర కూడా పడని పాస్‌పోర్టులో పెట్టి, పాస్‌పోర్టును ఊళ్లో పెట్టెలో పడేశాడు. మనిషి మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు. జబ్బు అనుకోవడానికి పైకి ఏమైనా కనబడితే కదా.

పోయినేడు కడుపు ఉబ్బింది. జగిత్యాలలో డాక్టరు స్కానింగులు చూసి లివర్ క్యాన్సర్ అన్నాడు. నాకు తెలియకుండా తాగాడా అని నేను మొదట అన్న మొహంలోకే చూశాను. డాక్టరు నా చూపు పట్టుకున్నాడు. తాగకపోయినా వస్తుందట. ఆ వైరస్ ఏళ్ల తరబడి లోపల కూర్చుని తన పని తాను చేసుకుపోతుందట. ఆర్నెల్లకోసారి పరీక్షలు, స్కానింగ్ చేయించుకుంటూ, అవసరమైతే మందులు వాడుతుంటే, క్యాన్సర్ వచ్చినా చిన్నగా ఉన్నప్పుడే దొరికే అవకాశం ఉండేదట. కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంటుంది కాబట్టి, ఒక కడుపున పుట్టినవాళ్లందరూ రక్తపరీక్ష చేయించుకోవాలని చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. బయటికి చూస్తూనే, "నాదైతే ఒడిసింది. నువ్వు, చెల్లె చూపిచ్చుకోండ్రి. అవ్వకు గూడ చూపియ్యి" అన్నాడు. అట్లాగే అన్నాను. నలభై రోజులకు పోయాడు.

అప్పటికే సుస్మితకు కోరుట్ల సంబంధం ఖాయమైంది. నెత్తురులో జబ్బున్న ఇల్లని తెలిస్తే ఎవరు చేసుకుంటారు? తాగి పోయాడంటే రెండో ప్రశ్న ఉండదు. అమ్మ అడిగితే, గదిలో చాటుగా తాగేవాడని ఏడుస్తూ చెప్పాను. ఏడుపు నిజమే, మాటే అబద్ధం.

మూడో నాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరం నుంచి చూస్తాం. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కొరత మిగిలిందని అర్థం. తాగేవాడు కదా అని మా మేనమామ మల్లేశం క్వార్టర్ సీసా తెచ్చాడు. సుస్మిత మూత తీసి విస్తరి పక్కన పెట్టింది. మధ్యాహ్నం దాటినా కాకి దిగలేదు. ఏం తక్కువైంది కొడుకా అని అమ్మ మొత్తుకుంటుంటే నేను తల వంచుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత అన్న సాంచాలు కూడా నేనే నడిపాను. సాంచా మీద నూలు తెగితే చప్పుడు మారుతుంది. చూడక్కర్లేదు, చెవికే తెలుస్తుంది. అట్లా మారినప్పుడు తిరిగి చూస్తే అక్కడ అన్న ఉంటాడు, పట్టపగలే, బనీను మీద, దారం అతుకుతూ. మొదట్లో ఒళ్లు జల్లుమనేది. పోనుపోను ఆ భయం పోయి, ఒక్కసారైనా నన్ను తిట్టడేమని బాధ మొదలైంది. పరీక్షకు మాత్రం పోలేదు. నాక్కూడా ఉందంటారని భయం.

సుస్మిత పెళ్లయింది. నాలుగో నెల పడ్డాక కోరుట్ల ఆసుపత్రిలో రక్తం చూసి హెపటైటిస్ బి ఉందన్నారు. దాని భర్త క్రాంతికి చూస్తే లేదు. మరి నీకెక్కడి నుంచి వచ్చిందని అత్తగారింట్లో అడిగారు. ఆ ప్రశ్న ఎటు పోతుందో ఎవరికి తెలియదు? అన్న జబ్బేంటో తెలియని సుస్మిత ఏం చెబుతుంది? పుట్టింటికి పంపించేశారు. అన్న పరువు తీసి నేను నిలబెట్టిన సంసారం అది.

ఏడాది మాసికం నాడు క్రాంతి వచ్చాడు కానీ ఎడంగా నిలబడ్డాడు. మళ్లీ విస్తరి వేశారు. మళ్లీ సీసా. సుస్మితే పెట్టి, కడుపు మీద చెయ్యి వేసుకుని దూరంగా కూర్చుంది. కాకి గోడ మీద వాలింది గానీ దిగలేదు. విస్తరి పక్కన అన్న ఉన్నాడు. దేన్నీ ముట్టుకోవడం లేదు. చెల్లెనే చూస్తున్నాడు.

నాకిక కూర్చోబుద్ధి కాలేదు. ఇంట్లోకి పోయి పెట్టెలోంచి పాస్‌పోర్టు తీసి, అందులోని కాగితాన్ని క్రాంతి చేతిలో పెట్టాను.

"అన్న తాగలే. గిదే రోగం. అవ్వ కడుపుల నుంచి అన్నకు అచ్చింది, సుస్మితకు గూడ గట్లనే అచ్చింటది. నాకు ఏడాది సంది ఎర్కే" అన్నాను.

అమ్మ తన కడుపు వైపు చూసుకుంది. ఆ మాట అంతమంది ముందు అట్లా అనాల్సింది కాదు. ఏడాది దాచినవాడికి మెల్లగా చెప్పే తీరిక ఎక్కడిది?

క్రాంతి కాగితం మీది తేదీ చదివాడు, మళ్లీ చదివాడు. వెళ్లి సుస్మిత పక్కన కూర్చున్నాడు. పుట్టిన వెంటనే సూదులు వేస్తే బిడ్డకు చాలావరకు రాదని కోరుట్ల ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పిందట, వాళ్లింట్లో ఎవరూ ఆ మాట చెవిన పెట్టలేదని అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మరి నువ్వు చూపిచ్చుకున్నవా బావా?"

"లే" అన్నాను.

సుస్మిత లేచి ఆ సీసా తీసుకుంది. మట్టిలో వంచేసింది. చివరి చుక్క పడేదాకా వంచే ఉంచింది.

"గీ సీసా పెద్దన్నకు రెండుసార్లు నాతోనే వెట్టిచ్చినవ్, చిన్నన్నా" అంది.

ఆ తర్వాత కాకి దిగిందో లేదో నేను చూడలేదు. చూసే మొహం లేదు.

మర్నాడు అమ్మను తీసుకుని జగిత్యాల బస్సెక్కాను. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. అందులో నేను కూర్చోలేదు, అమ్మనూ కూర్చోనివ్వలేదు.